ఉబుంటు వీఎంలో స్క్రీన్ చిన్నదైపోయింది, ఒక్కోసారి లాగిన్ అయ్యాక మొత్తం నలుపే, ఎవరైనా చూడండి ప్లీజ్

ఎస్సార్‌నగర్_హాస్టల్ · సోమవారం రాత్రి 9:12

అన్నలకి అక్కలకి నమస్కారం. నాది శ్రీకాకుళం, అమీర్‌పేటలో లైనక్స్ అడ్మిన్ కోర్సు చేస్తున్నాను, ఎస్సార్ నగర్‌లో హాస్టల్. ల్యాప్‌టాప్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో తీసుకున్న సెకండ్ హ్యాండ్‌ది, ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. అందులో వర్చువల్‌బాక్స్ (ల్యాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటర్, అంటే వీఎం, నడిపే సాఫ్ట్‌వేర్) వేసి ఉబుంటు 22.04 లైనక్స్ పెట్టుకున్నా, రెండు నెలలు బాగానే నడిచింది. శనివారం ఉబుంటు అప్‌డేట్ అడిగితే సరే అని నొక్కాను, రీస్టార్ట్ అయ్యాక స్క్రీన్ మధ్యలో చిన్న డబ్బాలాగా 800 బై 600లో వస్తోంది, చుట్టూ అంతా నలుపు, విండో ఎంత లాగినా డబ్బా మాత్రం పెరగట్లేదు. టెర్మినల్ తెరిస్తే సగం కిందకి పోతోంది, సెట్టింగ్స్‌లో అప్లై బటనే కనపడట్లేదు.

యూట్యూబ్‌లో ఒక వీడియో చూసి ఏవో మార్చాను, అప్పట్నుంచి ఇంకో గొడవ. పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కాక స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోయి మౌస్ బాణం ఒక్కటే తిరుగుతోంది. మూడుసార్లకి ఒకసారి లోపలికి వెళ్తోంది. గురువారం ల్యాబ్ టెస్ట్ ఉంది, నేను చేసుకున్న ప్రాక్టీస్ అంతా ఆ వీఎంలోనే ఉంది, మళ్ళీ మొదట్నుంచి ఇన్‌స్టాల్ చెయ్యాలంటే హాస్టల్ వైఫైతో అయ్యే పని కాదు.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్ · 9:30

తమ్ముడూ ముందు దాన్ని ముట్టుకోకు, ఇంకో వీడియో చూసి ఇంకో కమాండ్ కొట్టకు. నువ్వు చెప్పినవి రెండు వేరువేరు ప్రాబ్లమ్స్ అనిపిస్తోంది, అప్‌డేట్ వల్ల వచ్చింది ఒకటి, వీడియో చూసి మార్చినందుకు వచ్చింది ఇంకోటి. రెండూ కలిపి చూస్తే తల తిరుగుతుంది. ఇవి చెప్పు: వర్చువల్‌బాక్స్ వెర్షన్ ఎంత, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి వెళ్తే గ్రాఫిక్స్ కంట్రోలర్ దగ్గర ఏం ఉంది, వీడియో మెమరీ ఎంత, త్రీడీ యాక్సిలరేషన్ దగ్గర టిక్ ఉందా లేదా.

సీటీసీ_రిపేరు · 9:41

నైట్‌షిఫ్ట్ అన్న చెప్పింది కరెక్ట్. ఇంకోటి గూడ చూడు తమ్మీ, వీఎం నడుస్తున్నప్పుడు కింద కుడి దిక్కు చిన్న చిన్న బొమ్మలుంటయి కదా, అండ్ల తాబేలు బొమ్మ ఉందా? ఉంటే అది వేరే కథ, తర్వాత చెప్త.

ఎస్సార్‌నగర్_హాస్టల్ · 10:05

అన్నా వెర్షన్ 7.0.6. కంట్రోలర్ వీబాక్స్‌వీజీఏ అని ఉంది, వీడియో మెమరీ 16 ఎంబీ, త్రీడీకి టిక్ ఉంది. ఆ కంట్రోలర్, టిక్ రెండూ వీడియోలో చెప్పినట్టు నేనే మార్చాను. సెట్టింగ్స్ కింద పసుపు రంగులో ఏదో హెచ్చరిక వస్తోంది, పట్టించుకోలేదు. ఇప్పుడు వెనక్కి మారుద్దామంటే అవన్నీ బూడిద రంగులో ఉన్నాయి, నొక్కితే కదలట్లేదు. తాబేలు ఉంది అన్నా, పచ్చది.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్ · 10:14

బూడిద రంగులో ఉన్నాయంటే వీఎం పూర్తిగా ఆగలేదని అర్థం. నువ్వు విండో మూసేటప్పుడు సేవ్ చేసి మూసుంటావు, లిస్ట్‌లో దాని పేరు కింద సేవ్డ్ అని ఉంటుంది చూడు. అది నిద్రపోతున్న మనిషి లాంటిది, పడుకున్నోడి చొక్కా మార్చలేం. మళ్ళీ స్టార్ట్ చేసి లోపల్నుంచి పవర్ ఆఫ్ చెయ్, అప్పుడు పేరు కింద పవర్డ్ ఆఫ్ అని వస్తుంది, అప్పుడే కంట్రోలర్ మారుతుంది.

ఆ పసుపు హెచ్చరిక చాలా ముఖ్యమైంది, కంట్రోలర్ సరైంది కాదని చెప్పేది అదే, చాలామంది చూడరు. 2018 డిసెంబర్‌లో వచ్చిన వర్చువల్‌బాక్స్ 6.0 నుంచి లైనక్స్ గెస్ట్‌లకి (వీఎం లోపల నడిచేదాన్ని గెస్ట్ అంటారు) డిఫాల్ట్ వీఎంఎస్‌వీజీఏ. విండోస్ గెస్ట్ అయితే వీబాక్స్‌ఎస్‌వీజీఏ. వీబాక్స్‌వీజీఏ పాత కాలంది, పాత వీడియోల్లో ఇంకా అదే పెట్టమని చెప్తుంటారు, అప్పటికి అది సరైనదే, ఇప్పటికి కాదు.

చెయ్యాల్సింది: కంట్రోలర్ వీఎంఎస్‌వీజీఏ, వీడియో మెమరీ జరిపే గీత కుడి చివర 128 దాకా, త్రీడీ టిక్ తీసెయ్. ఈ మూడే. ఇంకేం ముట్టుకోకుండా స్టార్ట్ చేసి ఏమైందో చెప్పు.

నిజాంపేట_అక్క · 10:22

త్రీడీ టిక్ ఎందుకు తియ్యాలో కూడా చెప్తాను, ఊరికే చెయ్యమంటే రేపు ఇంకెక్కడో మళ్ళీ పెట్టేస్తాడు. ఉబుంటు 21.04 నుంచి లాగిన్ అవ్వగానే వేలాండ్ (డెస్క్‌టాప్‌ని తెర మీద గీసే కొత్త పద్ధతి) సెషన్ మొదలవుతుంది. లాగిన్ పేజీ వరకు పని తక్కువ. పాస్‌వర్డ్ కొట్టాక అసలు డెస్క్‌టాప్ గీయడం మొదలవుతుంది, త్రీడీ ఆన్ ఉంటే ఆ పని వీఎం లోంచి బయట విండోస్ గ్రాఫిక్స్ డ్రైవర్ దాకా వస్తుంది. నీది పాత ఐ3 కాబట్టి అందులో ఉండే గ్రాఫిక్స్ కూడా పాతవే, 16 ఎంబీ మెమరీ వేరే, ఆ దారిలో ఎక్కడ ఇరుక్కున్నా నీకు కనిపించేది నలుపూ బాణమూ మాత్రమే. టిక్ తీసేస్తే గీసే పనంతా ప్రాసెసర్ చేస్తుంది, కొంచెం నెమ్మదే కానీ పని జరుగుతుంది.

నల్ల స్క్రీన్ వచ్చినప్పుడు మెషీన్ చచ్చిపోయిందనుకుని పవర్ పీకేసే అలవాటు మాత్రం వద్దు బాబూ. కుడి పక్క కంట్రోల్ కీ (దీన్నే హోస్ట్ కీ అంటారు) పట్టుకుని ఎఫ్3 నొక్కు, టెక్స్ట్ లాగిన్ వస్తుంది. అది వచ్చిందంటే ఉబుంటు బతికే ఉంది, బొమ్మ ఒక్కటే రావట్లేదని తెలిసిపోతుంది. కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లకి కుడి కంట్రోల్ ఉండదు, అలాంటప్పుడు వర్చువల్‌బాక్స్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ అనే చోట హోస్ట్ కీ మార్చుకోవచ్చు.

ఎస్సార్‌నగర్_హాస్టల్ · 10:58

అక్కా అన్నా ఇద్దరికీ చాలా థాంక్స్. నలుపు పోయింది!! ఐదుసార్లు రీస్టార్ట్ చేసి చూశా, ఐదుసార్లూ డెస్క్‌టాప్ వచ్చింది. కానీ డబ్బా ఇంకా 800 బై 600లోనే ఉంది. గెస్ట్ అడిషన్స్ (వీఎం లోపల వేసే వర్చువల్‌బాక్స్ డ్రైవర్లు) నేను మొదట్లోనే వేశాను, అప్పుడు ఫుల్ స్క్రీన్ వచ్చేది.

ఎక్స్‌రాండర్ అని స్క్రీన్ కొలత మార్చే కమాండ్ ఒకటి చూసి ట్రై చేశాను కూడా, నా స్క్రీన్ 1366 బై 768 కదా, కొలత లెక్కగట్టే సీవీటీ కమాండ్‌కి అదే ఇస్తే 1368 అని ఇస్తోంది, ఎందుకో అర్థం కాలేదు, ఆ మోడ్ జత చేద్దామంటే ఎర్రర్.

పాతకర్నల్ · 11:20

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. ఎక్స్‌రాండర్ వదిలెయ్యండి. సీవీటీ అడ్డం కొలతని 8తో భాగించేలా సరిచేస్తుంది, 1366 అలా భాగం అవ్వదు కాబట్టి 1368 ఇస్తుంది, అందులో తప్పేమీ లేదు. ఎర్రర్ ఎందుకంటే మీరున్నది వేలాండ్ సెషన్‌లో, అక్కడ ఎక్స్‌రాండర్‌తో కొత్త మోడ్ పెట్టడం కుదరదు. కావాలంటే ఎకో డాలర్ ఎక్స్‌డీజీ_సెషన్_టైప్ (డాలర్ తర్వాత అన్నీ పెద్ద అక్షరాలు) అని కొట్టి చూడండి, వేలాండ్ అనే వస్తుంది.

గెస్ట్ అడిషన్స్ ఒకసారి వేస్తే అయిపోయే వస్తువు కాదు. అందులో కర్నల్ (ఉబుంటు మధ్యలో ఉండే అసలు ప్రోగ్రాం) మాడ్యూల్స్, అంటే దానికి తగిలించే ముక్కలు ఉంటాయి, అవి ఆ కర్నల్ కోసమే కంపైల్ అవుతాయి, అంటే కోడ్ నుంచి తయారవుతాయి. కర్నల్ మారితే మళ్ళీ కంపైల్ అవ్వాలి. 22.04 డెస్క్‌టాప్ మొదట 5.15 కర్నల్‌తో వచ్చింది, తర్వాత అప్‌డేట్లలో 5.19, 6.2, 6.5, 6.8 అలా ఎక్కుతూ పోయింది. మీరు శనివారం నొక్కిన అప్‌డేట్‌లో కర్నల్ మారి ఉంటుందని నా అనుమానం, కొత్త కర్నల్‌కి మాడ్యూల్ తయారయ్యే చోట ఏదో ఆగింది. తెరకి బొమ్మ గీసే డ్రైవర్ కర్నల్‌లోనే ఉంది, దాని పేరు వీఎండబ్ల్యూజీఎఫ్ఎక్స్, అందుకే డెస్క్‌టాప్ వస్తోంది. విండో పెంచినప్పుడు కొత్త కొలత లోపలికి చేరవేసేది గెస్ట్ అడిషన్స్, అది పని చెయ్యట్లేదు కాబట్టి డబ్బా పెరగట్లేదు.

ఇవి కొట్టి ఏం వస్తుందో రాయండి. తెలుగులో రాస్తున్నా కానీ ఈ మూడూ టైప్ చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే:

యూనేమ్ -ఆర్
సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ వీబాక్స్‌యాడ్
టెయిల్ -40 /వార్/లాగ్/వీబాక్స్‌యాడ్-సెటప్.లాగ్

ఎస్సార్‌నగర్_హాస్టల్ · 11:44

సార్ మొదటిది 6.8 అని మొదలవుతోంది. రెండోది ఎర్రగా ఫెయిల్డ్ అని. మూడోదాంట్లో చాలా ఉంది, ఒక లైను మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తోంది: జీసీసీ-12 నాట్ ఫౌండ్ అని. కానీ నా దగ్గర జీసీసీ కంపైలర్ ఉంది సార్, వెర్షన్ అడిగితే 11 అంటోంది.

పాతకర్నల్ · 11:52

దొరికింది. ఈ ఒక్క లైను కోసమే లాగ్ చూడమన్నది.

22.04లో మామూలుగా వచ్చే జీసీసీ 11. తర్వాత వచ్చిన కొత్త కర్నల్స్‌ని, 6.5 దగ్గర్నుంచి, జీసీసీ 12తో కంపైల్ చేసి ఇచ్చారు. మాడ్యూల్ తయారయ్యేటప్పుడు కర్నల్ ఏ కంపైలర్‌తో అయిందో దాన్నే వెతుకుతుంది. మీ దగ్గర 11 ఉంది, మాడ్యూల్ సెటప్ 12ని పిలుస్తోంది, దొరక్క ఆగిపోయింది. ఇదే కారణంతో వీఎంలు కాకుండా మామూలు కంప్యూటర్లలో గ్రాఫిక్స్ డ్రైవర్లు పోయినవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు.

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీసీసీ-12 మేక్ పెర్ల్ లైనక్స్-హెడర్స్-డాలర్(యూనేమ్ -ఆర్)
సుడో ఆర్‌సీవీబాక్స్‌యాడ్ సెటప్

చివరిది అయ్యాక అదే లాగ్ మళ్ళీ చూడండి. నాకు ఇంకో అనుమానం ఉంది, ముందు ఇది కానివ్వండి.

దిల్‌సుఖ్‌నగర్_ఫైనలియర్ · మంగళవారం ఉదయం 7:50

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకూ ఇదే, పాస్‌వర్డ్ కొడితే ఒక్క సెకను నల్లగా అయ్యి మళ్ళీ లాగిన్ పేజీకే వస్తోంది. పైన చెప్పినట్టు కంట్రోలర్ చూశా, వీఎంఎస్‌వీజీఏనే ఉంది. త్రీడీ కూడా ఆఫ్‌లోనే ఉంది.

నిజాంపేట_అక్క · 8:15

అది ఇది కాదమ్మా. నల్లగా ఉండిపోవడం వేరు, లాగిన్‌కే తిరిగి రావడం వేరు. నీది రెండోది, దానికి ఎక్కువసార్లు కారణం గ్రాఫిక్సే కాదు. హోస్ట్ కీ, ఎఫ్3 నొక్కి టెక్స్ట్‌లో లాగిన్ అయ్యి డీఎఫ్ -హెచ్ కొట్టు, స్లాష్ ఎదురుగా ఎంత శాతం ఉందో చూడు.

దిల్‌సుఖ్‌నగర్_ఫైనలియర్ · 8:31

100% అక్కా. మొత్తం 25 జీబీ డిస్క్. డాకర్ ఇమేజ్‌లు (రెడీమేడ్ ప్రోగ్రాం ప్యాకేజీలు) చాలా దింపాను.

నిజాంపేట_అక్క · 8:38

అంతే. డెస్క్‌టాప్ మొదలవ్వాలంటే కొన్ని చిన్న ఫైళ్ళు రాసుకోవాలి, రాయడానికి చోటు లేక వెనక్కి తోసేస్తోంది. సుడో ఆప్ట్ క్లీన్ కొట్టు, తర్వాత సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=100ఎం, అక్కర్లేని డాకర్ ఇమేజ్‌లు తీసెయ్, ఒక రెండు జీబీ ఖాళీ అవ్వగానే లాగిన్ అవుతావు. ఖాళీ ఉండి కూడా ఇలాగే వస్తే హోమ్‌లో డాట్ ఎక్స్‌అథారిటీ ఫైల్ ఎవరి పేరు మీద ఉందో చూడాలి, సుడోతో ఏదైనా గ్రాఫికల్ ప్రోగ్రాం నడిపితే అది ఒక్కోసారి రూట్ పేరుకి మారిపోతుంది. నీకు అంతదాకా రాదనుకుంటా.

దిల్‌సుఖ్‌నగర్_ఫైనలియర్ · 9:20

వచ్చేసింది అక్కా!! 9 జీబీ ఖాళీ అయింది. నిన్న రాత్రంతా గ్రాఫిక్స్ డ్రైవర్లు తీసి పెట్టి తీసి పెట్టి నిద్ర పోలేదు.

ఎస్సార్‌నగర్_హాస్టల్ · మంగళవారం సాయంత్రం 6:40

క్లాసు అయ్యి ఇప్పుడే వచ్చాను. పాతకర్నల్ సార్, జీసీసీ-12 పడింది, ఇప్పుడు లాగ్‌లో ఆ లైను లేదు కానీ ఎర్రర్లు వేరేవి వస్తున్నాయి, సీ ఫైళ్ళ పేర్లు, లైను నంబర్లు, ఏవో ఫంక్షన్లు లేవు అని. చివర మళ్ళీ ఫెయిల్డే.

పాతకర్నల్ · 7:05

నా రెండో అనుమానం ఇదే. మీ వర్చువల్‌బాక్స్ 7.0.6 వచ్చింది 2023 జనవరిలో. 6.8 కర్నల్ వచ్చింది 2024 మార్చిలో. కర్నల్ లోపలి ఫంక్షన్లు వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంటాయి, ఏడాది తర్వాత పుట్టిన కర్నల్ కోసం ముందే కోడ్ రాయడం ఎవరి వల్లా కాదు. నిన్న కంపైలర్ లేదు కాబట్టి అక్కడే ఆగింది, ఇప్పుడు కంపైలర్ దొరికింది కాబట్టి కంపైల్ మొదలై కోడ్ దగ్గర ఆగింది. అంటే ఒక మెట్టు ఎక్కాం.

విండోస్‌లో వర్చువల్‌బాక్స్‌ని కొత్త వెర్షన్‌కి మార్చండి, పాతదాని మీదే ఇన్‌స్టాల్ అవుతుంది, మీ వీఎం ఎక్కడికీ పోదు. అయినా దానికి ముందు వీఎం పవర్ ఆఫ్ చేసి దాని ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకో హార్డ్ డిస్క్‌లోకో కాపీ చేసుకోండి, టెస్ట్ ఉందన్నారు కదా. తర్వాత ఉబుంటు స్టార్ట్ చేసి డివైసెస్ మెనూలో గెస్ట్ అడిషన్స్ సీడీ పెట్టండి. ఇక్కడ ఒక్కటి చూసుకోవాలి, ఎడమ పక్క వచ్చే సీడీ బొమ్మ మీద వీబాక్స్_జీఏఎస్ అని పక్కన వెర్షన్ నంబర్ ఉంటుంది. అక్కడ ఇంకా 7.0.6 అనే ఉంటే పాత సీడీ లోపలే ఉండిపోయిందన్నమాట, ఎజెక్ట్ చేసి మళ్ళీ పెట్టండి. ఆ సీడీ ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి సుడో డాట్ స్లాష్ వీబాక్స్‌లైనక్స్‌అడిషన్స్.రన్ కొట్టండి, పేరులో వీ, బీ, ఎల్, ఏ పెద్ద అక్షరాలు, ట్యాబ్ నొక్కితే అదే పూర్తవుతుంది.

7.1 వేస్తే సెట్టింగ్స్ పైన బేసిక్, ఎక్స్‌పర్ట్ అని రెండు ఉంటాయి, ఎక్స్‌పర్ట్ నొక్కితేనే అన్నీ కనపడతాయి, కంట్రోలర్ ఎక్కడికి పోయిందని కంగారు పడకండి.

సీటీసీ_రిపేరు · 7:30

తమ్మీ, తాబేలు సంగతి చెప్తనన్న కదా. పచ్చ తాబేలు ఉందంటే నీ విండోస్‌ల హైపర్-వీ (మైక్రోసాఫ్టోళ్ల సొంత వీఎం సాఫ్ట్‌వేర్) నడుస్తుంది, వర్చువల్‌బాక్స్ డైరెక్ట్‌గ ప్రాసెసర్‌ని పట్టుకోనీకి లేక దాని మీదికెల్లి నడుస్తుంది, గందుకే నిమ్మలంగ ఉంటది. డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్‌లనే లైనక్స్ నడిపేది) వేసినవా ఎప్పుడన్న? దానికి గూడ ఇదే కావాలె. వాడకపోతే విండోస్ ఫీచర్స్‌ల వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫాం, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫాం, హైపర్-వీ మూడింటికి టిక్ తీసి రీస్టార్ట్ కొట్టు. అప్పటికీ తాబేలు పోకపోతే సెక్యూరిటీల కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ బంద్ చెయ్యి. నా దగ్గరికి వీఎం స్లో అని వచ్చే ల్యాప్‌టాప్‌లల్ల చానా వాటికి కారణం ఇదే ఉంటది, ర్యామ్ వేయమని అడుగుతరు, ర్యామ్ ఉత్తగనే కొంటరు.

నిజాంపేట_అక్క · 7:48

మొదటి మూడింటి వరకు ఓకే, కానీ మెమరీ ఇంటెగ్రిటీ ఆపమనడం నాకు ఇష్టం లేదు అన్నా. అది విండోస్ కర్నల్‌లోకి చెడ్డ డ్రైవర్లు దూరకుండా ఆపే రక్షణ. పిల్లలు ఎక్కడెక్కడివో సాఫ్ట్‌వేర్లు పెన్‌డ్రైవ్‌లలో తెచ్చి వేస్తుంటారు, అలాంటి మెషీన్‌లో దాన్ని ఆపడం అంటే ఇంటి తలుపు తీసి పడుకోవడమే. తాబేలు ఉన్నా వీఎం నడుస్తుంది, నెమ్మదిగా నడుస్తుంది అంతే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లున్నవాళ్ళు అయితే అసలు ముట్టుకోవద్దు, బూట్ సెట్టింగ్స్ మారితే బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ అడిగే అవకాశం ఉంది, కీ చేతిలో లేకపోతే డేటా అందదు.

సీటీసీ_రిపేరు · 8:02

అక్క, నీ మాట కాదంటలేను. గా నాలుగోది ముట్టకు తమ్మీ, మొదటి మూడు చేసి చూడు.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్ · 8:20

ఇంకో మాట. టెస్ట్ గురువారం, ఇవాళ మంగళవారం. డిస్‌ప్లే పూర్తిగా సరయ్యే దాకా ప్రాక్టీస్ ఆపకు. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ వేసుకో (బయట మెషీన్ నుంచి టెక్స్ట్‌లో లాగిన్ అవ్వడానికి), వీఎం నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్‌లో హోస్ట్ పోర్ట్ 2222, గెస్ట్ పోర్ట్ 22 ఇవ్వు, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎస్‌హెచ్ -పీ 2222, తర్వాత నీ యూజర్ పేరు ఎట్ 127.0.0.1. విండోస్ 10లో ఎస్‌ఎస్‌హెచ్ ఉండనే ఉంటుంది. అక్షరాలు విండోస్ స్క్రీన్ మీద నిండుగా కనపడతాయి, కాపీ పేస్ట్ కూడా అవుతుంది. నేను నైట్ షిఫ్ట్‌లో చూసే సర్వర్లలో ఒక్కదానికి కూడా డెస్క్‌టాప్ లేదు, నీ కోర్సు అయ్యాక నువ్వు చెయ్యబోయే పని కూడా ఎక్కువ ఇలాగే ఉంటుంది.

మియాపూర్_ఫెడోరా · 9:10

నేను వర్చువల్‌బాక్స్ వాడను, ఫెడోరా లైనక్స్ మీద వీఎంలకి కేవీఎం, వర్ట్-మేనేజర్ వాడతాను. కొత్త స్క్రీన్ కొన్నాక గెస్ట్ పెద్దది అవ్వలేదు, కదిపితే ఆగి ఆగి కదిలేది కూడా. వీడియో మోడల్ క్యూఎక్స్‌ఎల్ నుంచి వర్టియోకి మార్చి, గెస్ట్‌లో స్పైస్-వీడీఏజెంట్ వేసి, వ్యూ మెనూలో స్కేల్ డిస్‌ప్లే కింద విండోతో పాటు రీసైజ్ అయ్యే ఆప్షన్ పెట్టాను, అప్పట్నుంచి బాగుంది. వీఎంవేర్ వాళ్ళకి ఇదే పని ఓపెన్-వీఎం-టూల్స్-డెస్క్‌టాప్ చేస్తుంది. చివర డెస్క్‌టాప్ అని లేని ప్యాకేజీ వేసుకుని రీసైజ్ రావట్లేదని అడుగుతుంటారు, అందుకే రాస్తున్నా.

ఎస్సార్‌నగర్_హాస్టల్ · బుధవారం రాత్రి 10:26

సార్ అయిపోయింది!!!

హాస్టల్ వైఫై రెండుసార్లు మధ్యలో తెగింది, చివరికి ఫోన్ హాట్‌స్పాట్‌తో వర్చువల్‌బాక్స్ దింపాను. వీఎం ఫోల్డర్ ముందే ఫ్రెండ్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశా. సీడీ పెడితే మీరన్నట్టే బొమ్మ మీద 7.0.6 అనే ఉంది, ఎజెక్ట్ చేసి మళ్ళీ పెడితే కొత్త నంబర్ వచ్చింది. రన్ చేశాక ఒక్క ఎర్రర్ లేదు. రీస్టార్ట్ చేసి లాగిన్ అయ్యాను, మొదట చిన్న డబ్బాగానే వచ్చింది, గుండె జారిపోయింది, ఒక్క సెకను ఆగి దానంతట అదే ఇట్టే పెరిగి విండో అంచుల దాకా నిండిపోయింది. కుడి కంట్రోల్, ఎఫ్ నొక్కితే ల్యాప్‌టాప్ స్క్రీన్ మొత్తం ఉబుంటునే. రూమ్మేట్‌ని లేపి చూపించాను.

డబ్ల్యూఎస్ఎల్ రెండు నెలల క్రితం క్లాసులో వేయించారు, తర్వాత వాడలేదు, ఆ మూడు టిక్‌లు తీస్తే తాబేలు పోయింది. టెర్మినల్ తెరవడానికి ముందు పది సెకన్లు పట్టేది, ఇప్పుడు రెండు మూడే. ఎస్‌ఎస్‌హెచ్ కూడా పెట్టుకున్నాను నైట్‌షిఫ్ట్ అన్నా, నిన్న రాత్రి ప్రాక్టీస్ అంతా అందులోనే చేశా.

రెండు డౌట్లు మిగిలాయి. ఈసారి కర్నల్ అప్‌డేట్ వస్తే మళ్ళీ ఇదే తిప్పలా? ఇంకోటి, నోట్స్ తెలుగులో రాసుకుంటాను, ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు బాగానే ఉంది, టెర్మినల్‌లో మాత్రం ఒత్తులు విడిపోయి పక్కపక్కన పడుతున్నాయి. ఇది కూడా గ్రాఫిక్స్ వల్లేనా?

పాతకర్నల్ · 10:50

చాలా సంతోషం. మాడ్యూల్ మామూలుగా కొత్త కర్నల్‌తో బూట్ అయినప్పుడు దానంతట అదే తయారవుతుంది, జీసీసీ-12, హెడర్స్ ఉన్నాయి కాబట్టి ఇబ్బంది ఉండదు. అప్‌డేట్ నొక్కే ముందు వీఎం పవర్ ఆఫ్ చేసి ఒక స్నాప్‌షాట్ (వీఎం అప్పుడున్న స్థితిని దాచుకోవడం) తీసుకోండి. ఏమైనా అయితే బూట్ అయ్యేటప్పుడు షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కి గ్రబ్ అనే బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కర్నల్ అక్కడే ఉంటుంది, దాంతో బూట్ అవ్వండి, పని ఆగదు. స్నాప్‌షాట్లు మాత్రం పేర్చుకుంటూ పోవద్దు, డిస్క్ తినేస్తాయి, సరిగ్గా నడుస్తోందనుకున్నాక పాతది తీసెయ్యండి.

నిజాంపేట_అక్క · 11:04

తెలుగు సంగతి నేను చెప్తా. అది గ్రాఫిక్స్ వల్ల కాదు, వీఎం వల్ల కూడా కాదు, మామూలు కంప్యూటర్‌లో కూడా అంతే. టెర్మినల్ ఒక్కో అక్షరానికి ఒక్కో గడి లెక్కన గీస్తుంది, మన క్ష్మి, స్త్రీ లాంటివి రెండు మూడు అక్షరాలు కలిసి ఒక రూపం అయ్యేవి, వాటిని ఆ గళ్ళలో ఇమడ్చడం చాలా టెర్మినల్స్‌కి ఇప్పటికీ రాదు. ఇది సరవ్వాలని నేను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను, మన భాషలో నోట్స్ రాసుకునే పిల్లలు ఎక్కువైతే అడిగేవాళ్ళూ ఎక్కువవుతారు. ప్రస్తుతానికి నోట్స్ టెర్మినల్ ఎడిటర్‌లో కాకుండా మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో రాసుకో, అక్కడ సరిగ్గా వస్తాయి. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు వేస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి, ఒత్తులు బాగా కనపడతాయి, కళ్ళకి హాయి.

రేపు టెస్ట్ కదా, ఇవాళ్టికి ఏమీ మార్చకు, ఫాంట్లు కూడా రేపు సాయంత్రం వేసుకో.

ఎస్సార్‌నగర్_హాస్టల్ · 11:09

సరే అక్కా. షట్‌డౌన్ చేసేశాను.